బండెక్కిన పడవ



“ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” అని మన పెద్దలు అనటం మీరు వినే వుంటారు. ఉన్నవాడు లేనివాడైనప్పుడూ, లేనివాడు ఉన్నవాడైనప్పుడూ ఆ మాట అంటారు. రేవులో బండిని పడవ మీద ఎక్కించి ఏరు దాటించటం నా చిన్నతనంలో ఎన్నోసార్లు చూశాను. పడవను బండి మీద ఎక్కించి, కొండ దాటించి, అవతలి పక్క సముద్రంలో దింపటం మాత్రం నేను చూడలేదు. దాన్ని గురించి చదివాను. చదివిన నాటి నుంచీ బడిలో వున్నంతకాలం ఏటా ఏదో ఒక తరగతికి చెబుతూనే వచ్చాను. ఇప్పుడు నాకు తరగతి లేదు గనక మీకు చెబుతున్నాను.

ముందుగా అట్లాసు తెరవండి. ఇంగ్లండు పడమటి వైపున సముద్రం నేలలోకి గరాటులాగా చొచ్చుకు వచ్చిన చోటు ఒకటి కనిపిస్తుంది. దాన్ని బ్రిస్టల్ చానల్ అంటారు. దానికి ఉత్తరపు ఒడ్డున వేల్సు, దక్షిణపు ఒడ్డున డెవన్, సోమర్‌సెట్ అనే జిల్లాలు వున్నాయి. ఆ దక్షిణపు ఒడ్డు మన కోనసీమ తీరంలాగా చదునుగా వుండదు. ఎక్స్‌మూర్ అనే పెద్ద మెట్ట భూమి సముద్రం అంచుదాకా వచ్చి, అక్కడ నిట్టనిలువునా విరిగి పడినట్టు వుంటుంది. ఆ కొండల సందున ఇరుక్కుని వున్న చిన్న జాలరుల పల్లె పేరు లిన్‌మత్. మన కథ అక్కడిదే. జరిగిన సంవత్సరం 1899.

కథలోకి వెళ్లేముందు ఆ పడవ ఎలాంటిదో చెప్పాలి. అది చేపల పడవ కాదు, సరుకుల పడవా కాదు. తుఫానులో ఓడ ప్రమాదంలో పడితే ఆ ఓడలోని మనుషులను కాపాడి తీసుకురావటానికే కట్టిన పడవ. దాన్ని లైఫ్‌బోటు అంటారు. తుఫాను వస్తే మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరతాయి. ఇది అప్పుడే ఒడ్డు వదిలి బయలుదేరుతుంది!

ఇలాంటి పడవ వుండాలన్న ఆలోచన ఒక దుర్ఘటన వల్ల పుట్టింది. 1789లో ఇంగ్లండు ఈశాన్య తీరంలో, టైన్ నది సముద్రంలో కలిసే చోట, ‘అడ్వెంచర్’ అనే ఓడ తుఫానులో చిక్కి నేలకు తగులుకున్నది. ఒడ్డున జనం గుంపులుగా నిలబడి చూస్తున్నారు. ఓడలోని మనుషులు ఒక్కొక్కరే తాళ్ల మీంచి జారి నీళ్లలో పడిపోవటం వాళ్ల కళ్లకు కనిపిస్తూనే వున్నది. కాని ఆ అలల్లోకి వెళ్లి రాగల పడవ ఎవరి దగ్గరా లేదు. ఆ తరవాత అక్కడి పెద్దలు ఒక సంఘంగా చేరి, తుఫానుకు తట్టుకునే పడవ నమూనా చేసి తెచ్చినవారికి రెండు గినీల బహుమానం ఇస్తామని ప్రకటించారు.

నమూనాలు తెచ్చినవారిలో విలియం ఉడ్‌హేవ్ అనే ఆయన ఒకడు. ఆయనను గురించి ఒక ముచ్చట చెబుతారు. ఒకనాడు ఆయన బావి పక్కగా పోతుంటే, నీళ్లు తోడుకున్న ఒకామె కుండ తలకెత్తమని అడిగిందట. నీళ్లు తొణకకుండా వుండేందుకు ఆ కుండలో ఒక విరిగిన కొయ్యగిన్నె ముక్క వేసి వున్నది. పుచ్చకాయ ముక్కలాగా రెండు కొసలూ పైకి లేచి వున్న ముక్క అది. ఉడ్‌హేవ్ దాన్ని వేలితో బోర్లించాడు; అది గిర్రున తిరిగి వెల్లకిల అయింది. మళ్లీ బోర్లించాడు, మళ్లీ వెల్లకిల అయింది. కుండ తలకెత్తే సంగతి మరిచిపోయి ఆయన అలాగే ఆడుతూ నిలబడ్డాడట! ఈ ముచ్చట నిజమో కల్పనో గాని, ఆయన చేసిన నమూనా మాత్రం నిజమైనదే. దాన్ని బోర్లిస్తే అదే లేచేది. సంఘంవారు ఆయనకు రెండు గినీలు కాక ఒక్క గినీయే ఇవ్వజూపారు. ఆయనకు కోపం వచ్చి అది కూడా పుచ్చుకోలేదు. పడవను కట్టే పని హెన్రీ గ్రేట్‌హెడ్ అనే పడవల మేస్త్రికి దక్కింది. ఆయన కట్టిన పడవల్లో ఒకటి, 1802 నాటిది, ‘జెట్లండ్’ అనే పేరుతో రెడ్‌కార్ అనే ఊళ్లో నేటికీ భద్రంగా వున్నది. లోకంలో మిగిలివున్న లైఫ్‌బోట్లలో అన్నిటికన్నా పాతది అదే.

బోర్లాపడినా తనంతట తాను లేచే పడవలు బాగా వాడుకలోకి రావటానికి మాత్రం మరో అరవయ్యేళ్లు పట్టింది. 1851లో నార్తంబర్లండు ప్రభువు పెట్టిన నూరు గినీల బహుమానాన్ని జేమ్స్ బీచింగ్ అనే మేస్త్రి గెలుచుకున్నాడు. ఆ నమూనాను బాగుచేసి కట్టిన పడవలు తీరమంతటా వచ్చాయి.

పడవ తనంతట తాను ఎలా లేస్తుంది? తంజావూరు బొమ్మను మీరు ఎరుగుదురు గదా. ఎటు పడదోసినా లేచి కూర్చుంటుంది. కారణం దాని అడుగున వున్న బరువు. ఈ పడవకు కూడా అడుగున, వెన్నెముకలాంటి దూలానికి బరువైన ఇనుము బిగించారు. ఇక ముందు కొసనా వెనక కొసనా ఎత్తుగా, గాలి మాత్రమే వున్న పెట్టెలు మూసి పెట్టారు. పడవ బోర్లాపడితే ఏమవుతుంది? ఆ రెండు గాలిపెట్టెలూ నీళ్లలోకి దిగటానికి ఒప్పుకోవు. ఇనుము బరువేమో గాలిలో పైకి వుంటుంది. బొంగరాన్ని తిప్పకుండా మేకు మీద నిలబెట్టి చూడండి. క్షణం కూడా నిలవదు. బోర్లాపడిన పడవా అంతే; ఏదో ఒక పక్కకు ఒరిగి, తిరిగి లేస్తుంది. లోపల చేరిన నీళ్లు పోవటానికి పడవ అడుగుదాకా గొట్టాలు వుంటాయి. వాటికి మూతలు ఎలా అమర్చారంటే, నీరు కిందికి పోగలదు గాని పైకి రాలేదు. నిండిన పడవ కొద్దిసేపట్లో ఖాళీ అయిపోతుంది.

ఇదంతా చదివి ఆ పడవ ఎక్కితే భయమే లేదనుకునేరు! పడవ లేస్తుంది, నిజమే. పడిన మనుషులు లేవాలి గదా. 1861లో విట్‌బీ అనే ఊరి లైఫ్‌బోటు ఒకే రోజు చాలాసార్లు తుఫానులోకి వెళ్లి వచ్చి, చివరిసారి తిరగబడింది. అందులోని 13 మందిలో 12 మంది పోయారు. బతికినవాడు హెన్రీ ఫ్రీమన్. కొత్తగా వచ్చిన బెండుచొక్కా తొడుక్కున్నవాడు ఆ రోజు అతనొక్కడే. తరవాత ఆ బెండుచొక్కాలను వద్దన్నవాడు లేడు.

ఇప్పుడు లిన్‌మత్‌కు పోదాం.

ఆ ఊరి లైఫ్‌బోటు పేరు ‘లూయిసా’. అది 1887లో ఆ ఊరికి వచ్చింది. పొడవు 34 అడుగులు. పది తెడ్లు. గాలి అనుకూలంగా వుంటే ఎత్తటానికి తెరచాపలు. యంత్రమనేది లేదు, మనిషి రెక్కలూ, గాలీ, అంతే. దాన్ని వుంచటానికి ఒక కొట్టం, నీటిదాకా తీసుకుపోవటానికి పెద్ద చక్రాల బండి వున్నాయి. ఇలాంటి పడవలను నడిపే సంస్థ 1824లో ఏర్పడింది. అది ప్రజలు ఇచ్చే చందాల మీద నడిచేది. నేటికీ అలాగే నడుస్తున్నది. పడవ ఎక్కేవాళ్లు ఆ ఊరి జాలరులే. వాళ్లకు నెలజీతాలు లేవు. పడవ కట్టిన రోజున కొద్దిపాటి సొమ్ము ముట్టేది. లిన్‌మత్ పడవకు సరంగు జాక్ క్రోకూంబ్ అనే ఆయన.

1899 జనవరి 12వ తేదీన పగలల్లా తుఫాను కొట్టింది. సముద్రం ఒడ్డు దాటి ఊరి వీథిలోకి వచ్చేసింది. రాత్రి ఎనిమిది కావస్తుండగా ఊరికి ఒక తంతి వచ్చింది. తూర్పున 13 మైళ్ల దూరంలో వున్న పోర్లాక్ వియర్ అనే రేవు దగ్గర ఒక పెద్ద ఓడ ఆపదలో వున్నదనీ, లైఫ్‌బోటు కావాలనీ దాని సారాంశం. ఇంకొక పక్కన వున్న వాచెట్ అనే ఊరి లైఫ్‌బోటు ఆ అలల్లో బయలుదేరలేకపోయింది.

ఆ ఓడ పేరు ‘ఫారెస్ట్ హాల్’. మూడు స్తంభాల తెరచాప ఓడ. దాదాపు 1,900 టన్నులది. బ్రిస్టల్ నుంచి లివర్‌పూల్‌కు సరుకేమీ లేకుండా పోతున్నది. ముందు ఒక టగ్గు మోకు కట్టి దాన్ని లాగుతున్నది. తుఫానులో ఆ మోకు తెగింది. ఓడ చుక్కాని కూడా దెబ్బతిన్నది. లంగరులు వేశారు, అవి నేలను పట్టి నిలవక, ఓడతోపాటు ఈడ్చుకుపోతున్నాయి. ఓడ కొంచెం కొంచెంగా హర్ల్‌స్టోన్ అనే కొండకొమ్ము వైపు, రాళ్ల మీదికి జరుగుతున్నది. అందులో 18 మంది వున్నారు. వారిలో ఐదుగురు ఓడపని నేర్చుకోవటానికి చేరిన కుర్రవాళ్లు. మీలో పెద్ద తరగతుల్లో వున్నవాళ్లకు అన్నల్లాంటివాళ్లు.

సరంగు క్రోకూంబ్ సముద్రం వంక చూశాడు. లిన్‌మత్ ఒడ్డున అలలు విరుచుకుపడుతున్న తీరు చూస్తే, పడవను నీళ్లలోకి తోసీ తోయగానే తిరిగి ఒడ్డుకే విసిరికొడుతుందని అర్థమయింది. వెళ్లలేమని తిరుగు తంతి పంపితే ఆయనను తప్పుపట్టేవాడు లేడు. కాని ఆయన మరొక మాట అన్నాడు. పోర్లాక్ వియర్ దగ్గర సముద్రానికి కొంత చాటు వున్నది. అక్కడ పడవను దింపవచ్చు. గనక పడవను రోడ్డు మీదుగా అక్కడికి తీసుకుపోదాం, అన్నాడు.

విన్నవాళ్లు నిర్ఘాంతపోయి వుంటారు. ఎందుకంటే ఆ రోడ్డు ఎలాంటిదో వాళ్లందరికీ తెలుసు. ఊరు దాటగానే కౌంటిస్‌బరీ కొండ. నాలుగడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేచే వాలు. నాలుగడుగుల బల్లకు ఒక వైపు అడుగు ఎత్తున పీట పెట్టి, దాని మీద గోళీ వదిలి చూడండి, వాలు అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 1,423 అడుగుల పైన వున్నది. తరవాత చెట్టూ పుట్టా లేని బయలు. ఆపైన పోర్లాక్ కొండ దిగుడు, అది కూడా నాలుగుకు ఒకటి వాలే. ఆ దారిలో అక్కడక్కడా రోడ్డు పడవంత వెడల్పు కూడా లేదు. పైగా చీకటి, వాన, గాలి.

మొదట ఆరుగురు మనుషులు గునపాలూ పారలూ తీసుకుని ముందుగా బయలుదేరారు. రోడ్డు ఇరుకైన చోట గట్లు తవ్వి వెడల్పు చేయటం వారి పని. ఊళ్లో బండ్లకు కట్టే గుర్రాలను పోగుచేశారు. ఇరవై దాకా వచ్చాయి. మనుషులు నూరు మంది దాకా చేరారు. రథోత్సవం నాడు మోకులు పట్టుకుని రథం లాగే జనాన్ని తలచుకోండి. రథానికి చదునైన వీథి వుంటుంది, పగటి వెలుగు వుంటుంది, మేళం వుంటుంది. వీళ్లకు చేతిలో లాంతర్లు వున్నాయి. గాలికి అవి మాటిమాటికీ ఆరిపోయాయి.

గుర్రాలు ముందు లాగుతుంటే, మనుషులు పక్కల తోస్తూ, చక్రాల వెనక చెక్కలు పెడుతూ కొండ ఎక్కసాగారు. కొంచెం ఆగితే బండి వెనక్కి జారుతుంది. ఎలాగో పైకి చేరేసరికి ఒక చక్రం వూడిపోయింది. కొండ మీద, ఆ గాలిలో, అన్ని టన్నుల బరువును పైకి లేపి, చక్రాన్ని తిరిగి ఎక్కించి చీల బిగించారు. బండి చక్రం మార్చటం చూసినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. ఎండ్లబండికి పగటిపూట మార్చటానికే ముగ్గురు మనుషులు చెమటలు కక్కుతారు.

అక్కడినుంచి చాలామంది ఇంటిదారి పట్టారు. వాళ్లను మనం ఏమీ అనరాదు. కొండ ఎక్కించేదాకా వాళ్లు లేనిదే పడవ కదిలేది కాదు. ఇరవై మంది దాకా మిగిలి ముందుకు సాగారు. వారిలో పడవ నడిపేవాళ్లూ వున్నారు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. రాత్రల్లా బండి లాగినవాళ్లే, తెల్లవారాక తెడ్లు పట్టవలసినవాళ్లు కూడా!

బయలు మీద కొంతదూరం పోయాక ఒక ఇరుకు సందు అడ్డం వచ్చింది. అటూ ఇటూ గట్లు. పడవ పడుతుంది గాని బండి చక్రాలు పట్టవు. ఇంకొకరైతే అక్కడ చతికిలబడేవారు. వీళ్లు పడవను బండి మీంచి కిందికి దింపారు. కింద దుంగచెక్కలు పరచి, వాటి మీద పడవను ఈడ్చుకుంటూ పోయారు. పడవ ఒక చెక్క దాటగానే ఆ చెక్కను తీసి ముందుకు తెచ్చి వేయాలి, మళ్లీ ఈడ్వాలి. అలా దాదాపు మైలు దూరం! ఖాళీ బండిని మరికొందరు గేటుకంబాలు పీకి, పక్కనున్న బయలు మీదుగా చుట్టూ తిప్పుకువచ్చారు. సందు దాటాక పడవను మళ్లీ బండి మీదికి ఎక్కించారు. పడవ కిందనుంచి బండి, బండి కిందనుంచి పడవ! మొదట నేను చెప్పిన సామెత ఆ రాత్రి వాళ్లకు రెండుసార్లు అక్షరాలా నిజమయింది.

తరవాత పోర్లాక్ కొండ దిగాలి. ఎక్కటంకన్నా దిగటమే ప్రమాదం. బండి ఒక్కసారి పట్టు తప్పిందంటే ముందున్న గుర్రాలనూ మనుషులనూ తొక్కుకుంటూ లోయలోకి పోతుంది. గనక ఇప్పుడు మోకులు వెనక కట్టారు. ఇందాకటిదాకా ముందుకు లాగిన గుర్రాలూ మనుషులే ఇప్పుడు వెనక్కి లాగుతూ, అడుగడుగునా తమాయించుకుంటూ దింపారు.

అడుగుకు చేరాక మలుపులో ఒక పెరటిగోడ అడ్డం వచ్చింది. దాన్ని పగలగొట్టటం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు ఇంటి ముసలమ్మ లేచి వచ్చి, నా గోడ పగలగొట్టేదెవరని కేకలు వేసిందనీ, సంగతి తెలిసి, ఎన్నడూ లైఫ్‌బోటు చూసి ఎరగని ఆమె గోడ సంగతే మరిచిపోయి ఆ పడవను వింతగా చూస్తూ నిలబడిందనీ చెబుతారు. అంతటితో అయిందా? రేవుకు పోయే కింది రోడ్డును సముద్రం కోసేసింది. పైరోడ్డున పోవలసి వచ్చింది. ఆ దారికి అడ్డంగా పెద్ద చెట్టు ఒకటి వున్నది. దాన్ని నరికారు.

పోర్లాక్ వియర్ చేరేసరికి తెల్లవారుజాము ఆరున్నర. పదమూడు మైళ్లు, పదిన్నర గంటలు. లెక్క వేసి చూడండి: గంటకు మైలుంబావు కూడా లేదు. మీ తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిచినా అంతకన్నా త్వరగా పోతాడు.

అందరూ తడిసి ముద్దయి వున్నారు. తిండి లేదు. కాని వాళ్లు ఆగలేదు. అప్పటికప్పుడే పడవను నీళ్లలోకి దింపి తెడ్లు పట్టారు. గంటసేపు అలలతో పెనుగులాడి ఓడను చేరుకున్నారు.

ఓడ మునగలేదు. రాళ్లకు బాగా దగ్గరగా వచ్చి, లంగరుల మీద ఊగుతున్నది. దాన్ని లాగుతూ వచ్చిన టగ్గు కూడా తెల్లవారాక తిరిగి వచ్చింది. కాని ఓడవాళ్లు అలిసిపోయి లంగరులు ఎత్తలేని స్థితిలో వున్నారు. లైఫ్‌బోటువాళ్లలో కొందరు ఓడ ఎక్కి లంగరులు ఎత్తటానికి చెయ్యి వేశారు. మిగతావాళ్లు ఓడ నుంచి తాడు పట్టుకుపోయి టగ్గుకు అందించారు. ఇంకొక టగ్గు కూడా సాయం వచ్చింది. ఓడను చానల్ అవతలి ఒడ్డుకు, వేల్సులోని బారీ రేవుకు లాక్కుపోతుంటే, మళ్లీ ఏ ఆపద వస్తుందోనని ‘లూయిసా’ కూడా వెంట వెళ్లింది. సాయంకాలానికి అంతా క్షేమంగా చేరారు. ఓడలోని 18 మందిలో ఒక్కరికీ ప్రాణాపాయం కలగలేదు. పడవవాళ్లలోనూ అంతే. ఆ రాత్రికి అక్కడే వుండి, మరునాడు వాళ్లు ఇల్లు చేరుకున్నారు.

ఈ కథ నేను ఎప్పుడు చెప్పినా తరగతిలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటున్నది. “ఓడ మునగలేదు గదా మాస్టారూ! టగ్గు తిరిగి వచ్చింది గదా! మరి వాళ్లు అంత కష్టపడటం వృథాయే కాదా?” అని. మొదటిసారి ఒక ఏడో తరగతి కుర్రవాడు అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. కూర్చోమన్నాను. అది నా తప్పు. మంచి ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోమనరాదు. మరునాడు వాణ్ణి పిలిచి, రాత్రి ఎనిమిది గంటలకు లిన్‌మత్ ఒడ్డున నిలబడినవాడికి ఏమేమి తెలుసో పలక మీద రాయమన్నాను. ఓడ ఆపదలో వున్నదని తెలుసు. పక్క ఊరి పడవ రాలేదని తెలుసు. లంగరు పట్టి నిలుస్తుందో లేదో తెలియదు. టగ్గు తిరిగి వస్తుందో రాదో తెలియదు. వాడు రాసి, కాసేపు చూసి, “తెలిసేదాకా ఆగితే పనికిరాదు గదండీ” అన్నాడు. అంతకు మించి నేను చెప్పేదేమీ లేకపోయింది. పైగా ఆ లంగరులు ఎత్తటానికి మనుషులు కావలసే వచ్చారు. తాడు అందించటానికి పడవ కావలసే వచ్చింది.

ఇంకొక ఏడు ఒక ఆడపిల్ల వేరే ప్రశ్న వేసింది. “గుర్రాలేమయ్యాయండీ?” అని.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పటం నాకు ఎప్పుడూ కష్టమే. ఆ రాత్రి శ్రమకు నాలుగు గుర్రాలు చనిపోయాయి. మనుషులు ఓడలోవాళ్ల కోసం తమంతట తాము బయలుదేరారు. గుర్రాలను ఎవరూ అడగలేదు. వాటికి ఓడ సంగతి తెలియదు. ముందుకు అంటే ముందుకు లాగాయి, వెనక్కి అంటే వెనక్కి లాగాయి. పద్దెనిమిది మంది బతికారంటే అందులో వాటి పాలూ వున్నది. ఆ పిల్ల విని, తన నోటుబుక్కులో కథ కింద “గుర్రాలు 4” అని రాసుకున్నది. నేను ఆ సంఖ్య బోర్డు మీద రాయటం మరిచిపోయాను. తరవాత ఎన్నడూ మరిచిపోలేదు.

‘లూయిసా’ 1906దాకా లిన్‌మత్‌లో పనిచేసింది. యంత్రాల పడవలు వచ్చిన కొద్దీ తెడ్ల పడవలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆ సంస్థ తరఫున తెడ్లతో నడిచిన చివరి లైఫ్‌బోటు, ఇందాక చెప్పిన విట్‌బీలోనే, 1957లో విరమించింది. యంత్రపు పడవలు చుట్టుపక్కల రేవుల నుంచి త్వరగా రాగలుగుతుండటంతో లిన్‌మత్‌కు వేరే పడవ అక్కరలేదని 1944లో అక్కడి లైఫ్‌బోటు కేంద్రాన్ని మూసేశారు. 1952 ఆగస్టులో ఆ ఊరి మీదికి ఈసారి సముద్రం కాదు, కొండ మీది వాననీరు విరుచుకుపడింది. ఒక్క రాత్రిలో 34 మంది పోయారు. ఆ వరదలోనే లైఫ్‌బోటు కొట్టం కూడా కొట్టుకుపోయింది. అది వున్నచోట ఇప్పుడు ఆ వరద మృతుల స్మారక మందిరం వున్నది.

నూరేళ్లు నిండిన రోజున, 1999 జనవరి 12న, ఆ ఊరివాళ్లు అలనాటి ప్రయాణాన్ని మళ్లీ చేసి చూశారు. గుర్రాలు కట్టి, పడవను బండి మీద ఎక్కించి, కౌంటిస్‌బరీ కొండ మీదుగా తీసుకుపోయారు. ఈసారి రోడ్డు వెడల్పుగా, నున్నగా వున్నది. పగటిపూట బయలుదేరారు.